ఎర్రచెక్కలో తెల్లపొడి: 256 బరువున్న అణువు ఏది?

తిరుపతిలో ఎర్రచందనం మాట ఎత్తితే ముందు దుంగలు, కూంబింగ్, చెక్‌పోస్టులు గుర్తొస్తాయి. పెద్దవాళ్ళకైతే బొమ్మల కొలువులో పెట్టే చెక్కబొమ్మల జంట, సానరాయి మీద అరగదీసి వాపుకి వేసిన పట్టు గుర్తొస్తాయి. రసాయనశాస్త్రం చదివేవాళ్ళకి ఆ చెక్కలో ఇంకో సరుకు ఉంది. అది చూడటానికి ఏ విశేషమూ లేని తెల్లటి పొడి. దాని నిర్మాణం తేల్చడం ఎమ్మెస్సీ స్థాయి లెక్కే. కానీ స్పెక్ట్రాలు (అణువు గురించి యంత్రాలు గీసిచ్చే గీతల పటాలు) చదివేటప్పుడు కాలు ఎక్కడ జారుతుందో చూపించడానికి శేషాచలం చుట్టుపక్కల ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 2015లో ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. అలా తిరుపతి చుట్టూ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివేవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళలో నెట్, గేట్ పరీక్షలకి తయారయ్యేవాళ్ళు చాలామంది స్పెక్ట్రోస్కోపీని ఒక పట్టికలా నేర్చుకుంటారు. ఐఆర్‌లో 1700 అంటే కార్బొనిల్ (సి=ఓ), ఎన్‌ఎంఆర్‌లో 3.8 అంటే మీథాక్సీ (ఓసీహెచ్3), 7 దాటితే బెంజీన్ రింగు. పట్టిక తప్పు కాదు. అయితే పట్టికతో వచ్చేది ముక్కల జాబితా మాత్రమే. ఆ ముక్కలు ఎలా అతుక్కున్నాయో తెలియాలంటే ప్రతి పీకునీ (పటంలో గీత పైకి లేచిన చోటుని) ఒకే ప్రశ్న అడగాలి: నువ్వు ఉన్నావు కాబట్టి ఏ అణువు కాకుండా పోయింది?

ముందు పొడి ఎలా వస్తుందో చూద్దాం. ఎర్రచందనం కాబట్టి పరిశోధనకైనా గుప్పెడు చెక్కపొట్టు అనుమతి కాగితాలతోనే వస్తుంది. దాన్ని ఇథైల్ ఎసిటేట్‌లో నానబెట్టి, వడగట్టి, ద్రావణిని ఎగరగొడితే ముదురు ఎరుపు జిగురు మిగులుతుంది. ఆ జిగురుని సిలికా జెల్ కాలమ్ (సిలికా నింపిన గొట్టం) మీద వేసి, హెక్సేన్‌లో ఇథైల్ ఎసిటేట్‌ని కొద్దికొద్దిగా పెంచుతూ దించితే, ఎరుపు పైనే పట్టుకుని కూర్చుంటుంది, కింద సీసాల్లోకి దాదాపు రంగులేని ద్రవం దిగుతుంది. టీఎల్‌సీ ప్లేటు (పలచగా సిలికా పూసిన పలక) మీద చుక్క పెట్టి యూవీ దీపం కింద చూస్తే ఒక మచ్చ నీలంగా మెరుస్తుంది. ఆ మచ్చ ఉన్న సీసాలన్నీ కలిపి ఆరబెడితే తెల్లపొడి వస్తుంది.

అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రంలో దీని అణుభారం 256 అని తేలుతుంది. చాలామంది ఇక్కడే పెన్ను తీసి ఫార్ములా రాసేస్తారు. కొంచెం ఆగాలి. మొక్కల నుంచి తీసిన ఏ సారంలోనైనా తగిలే పామిటిక్ ఆమ్లం కూడా 256. మన వంటనూనెల్లో ఉండేది అదే. ఎర్రచందనానికి దాయాది వేగిస చెట్టు ఉంది, దాని చేవలో దొరికే లిక్విరిటిజెనిన్ కూడా 256. అంటే కాలమ్‌లోంచి దిగింది నూనె మరకా, దాయాది చెట్లలో ఉండే పదార్థమా, మూడోదా అన్నది ఆ ఒక్క అంకెతో తేలదు.

పక్కన 257 దగ్గర చిన్న పీకు ఉంటుంది, కార్బన్-13 వల్ల వచ్చేది. ప్రకృతిలో నూటికి దాదాపు 1.1 కార్బన్లు ఆ రకం. 16 కార్బన్లుంటే 257 పీకు ఎత్తు 256లో సుమారు 17.6 శాతం, 15 ఉంటే 16.5 శాతం. కాగితం మీద చక్కటి తేడానే. మామూలు యంత్రంలో ఆ ఒక్క శాతాన్ని నమ్మి ఫార్ములా రాయడం కూరగాయల కాటా మీద బంగారం తూచినట్టుంటుంది. బంగారం కాటా వేరే ఉంది, అదే హై రిజల్యూషన్ మాస్. పామిటిక్ ఆమ్లం సి16హెచ్32ఓ2, కచ్చితమైన బరువు 256.2402. లిక్విరిటిజెనిన్ సి15హెచ్12ఓ4, బరువు 256.0736. సి16హెచ్16ఓ3 అయితే 256.1099. ఒక ఆక్సిజన్ బదులు ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు పెడితే పూర్ణాంకంలో తేడా రాదు, దశాంశాల్లో 0.0364 తేడా వస్తుంది. ప్రోటాన్ చేరిన అయాను 257.117 దగ్గర కనబడితే మొదటి ఇద్దరూ బయటికి పోయినట్టే.

ఫార్ములా తేలాక పని కాస్త తేలిక. 16 కార్బన్లు పూర్తిగా నిండితే 34 హైడ్రోజన్లు పడతాయి. ఇక్కడున్నవి 16, తక్కువైనవి 18. ప్రతి డబుల్ బాండుకీ, ప్రతి వలయానికీ రెండేసి తగ్గుతాయి కాబట్టి అసంతృప్తత 9. ఒక బెంజీన్ రింగు నాలుగు తింటుంది. రెండు రింగులైతే ఎనిమిది, ఇంకొకటి మిగులుతుంది. తొమ్మిదిని వేరే రకాలుగానూ పంచొచ్చు, కాబట్టి ఇప్పటికి ఇది ఊహే. నీలి మెరుపు మాత్రం ఈ ఊహ వైపే మొగ్గుతోంది: రెండు రింగులు ఒక డబుల్ బాండు ద్వారా కలిసి ఒకే పొడుగు వ్యవస్థగా ఉంటే యూవీలో 300–320 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుని నీలం వెలిగించడం మామూలే.

ఐఆర్ (పరారుణ కాంతిని అణువు ఎక్కడ పీల్చుకుందో చూపే) స్పెక్ట్రంలో విద్యార్థులు ప్రతి పీకుకీ పేరు పెట్టాలని చూస్తారు. 1500 కింద ఉన్న అడవిలో ఆ పని చెయ్యడం టైం వృథా. ఇక్కడ ముఖ్యమైనవి మూడే. 3400 దగ్గర వెడల్పాటి పీకు, అంటే ఓహెచ్ ఉంది. 1650 నుంచి 1750 దాకా గట్టి పీకు ఏదీ లేదు, అంటే కార్బొనిల్ లేదు. ఈ లేకపోవడం చాలా విలువైనది: కీటోనూ ఆమ్లమూ ఎస్టరూ అన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. ఉన్న మూడు ఆక్సిజన్లూ ఓహెచ్‌గానో ఈథర్‌గానో ఉండి తీరాలి. తొమ్మిదో అసంతృప్తత కూడా సి=ఓ కాదు కాబట్టి కార్బన్ల మధ్యే ఉండాలి. మూడోది 965 దగ్గర ఒక పీకు, దాని సంగతి తర్వాత.

ఇక ప్రోటాన్ ఎన్‌ఎంఆర్, అంటే అయస్కాంత క్షేత్రంలో పెట్టి ఒక్కో హైడ్రోజన్ ఎలాంటి చోట ఉందో చూసే పద్ధతి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

స్పెక్ట్రం చేతికొచ్చాక మొదట చెయ్యాల్సింది మన అణువువి కాని పీకుల్ని ఏరెయ్యడం. డ్యుటిరియం క్లోరోఫాంలో తీస్తే 7.26 పీపీఎం (ఈ పటంలో చోటుని కొలిచే ప్రమాణం) దగ్గర క్లోరోఫాం మిగులు, 1.56 దగ్గర తేమ కనిపిస్తాయి. కాలమ్ నుంచి వచ్చిన శాంపిల్‌ని సరిగా ఆరబెట్టకపోతే 1.26 దగ్గర ట్రిప్లెట్ (మూడు గీతలుగా చీలిన పీకు), 2.05 దగ్గర సింగ్లెట్ (చీలనిది), 4.12 దగ్గర క్వార్టెట్ (నాలుగుగా చీలినది) కూడా వస్తాయి. ఈ మూడూ కలిస్తే ఇథైల్ ఎసిటేట్. వీటిని అణువులోవే అనుకుని ఇథైల్ ఎస్టరు గీసే పొరపాటు ఏ ల్యాబులోనైనా ఎదురవుతుంది. అలా గీసినవాళ్ళు ఐఆర్‌ని ఒకసారి తిరగేస్తే చాలు, అక్కడ కార్బొనిల్ లేదని ఇంతకుముందే తేలింది. కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు పాతదాన్ని మర్చిపోవడం వల్లే సగం తప్పులు జరుగుతాయి.

వీటిని తీసేశాక 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో మిగిలే పీకులు ఇవి. 3.83 దగ్గర సింగ్లెట్, ఆరు హైడ్రోజన్లు. 4.8 ప్రాంతంలో ఒక హైడ్రోజన్, కొంచెం వెడల్పుగా. 6.39 దగ్గర ట్రిప్లెట్, ఒకటి. 6.66 దగ్గర డబ్లెట్ (రెండుగా చీలినది), రెండు. 6.83 దగ్గర డబ్లెట్, రెండు. 6.90, 7.02 దగ్గర చెరో డబ్లెట్, ఒక్కొక్కటి. 7.40 దగ్గర డబ్లెట్, రెండు. అన్నీ కూడితే 16. ఫార్ములాలో ఉన్నదీ 16. ఈ కూడిక చెయ్యకుండా ముందుకెళ్ళకూడదు.

3.83 అంటే రింగుకి తగిలిన మీథాక్సీ. ఆరు హైడ్రోజన్లు ఒకే గీతలో ఉన్నాయి కాబట్టి రెండు మీథాక్సీలూ ఒకే వాతావరణంలో ఉన్నాయని సులువుగా అనేస్తారు. తొందరపడకూడదు. వేర్వేరు రింగుల మీద ఉన్న రెండు మీథాక్సీలు కూడా 3.81, 3.83 దగ్గర వచ్చి ఒకే గీతలా కలిసిపోవచ్చు. సౌష్ఠవం మాట ఇంకెక్కడినుంచైనా రుజువు కావాలి. 4.8 దగ్గరున్నది ఓహెచ్ అన్నదానికి పరీక్ష తేలిక: ట్యూబులో ఒక చుక్క భారజలం వేసి ఊపితే అది మాయమవుతుంది, మిగతావి కదలవు.

ఇప్పుడు 6.66, 6.39 జంట దగ్గర నిలబడాలి. రెండు హైడ్రోజన్ల డబ్లెట్, ఒక హైడ్రోజన్ ట్రిప్లెట్. ఒక రింగు మీద మూడు హైడ్రోజన్లు, వాటిలో రెండు కవలలు, మూడోది వాటి మధ్య ఎక్కడో. ఈ వర్ణనకి సరిపోయే అమరికలు రెండున్నాయి. మొదటిది, అవతలి రింగు వైపు తగులుకున్న కార్బన్‌ని 1గా లెక్కిస్తే, రెండు మీథాక్సీలు 3, 5 స్థానాల్లో ఉండటం. అప్పుడు 2, 6 స్థానాల హైడ్రోజన్లు కవలలు, 4వది ఒంటరి. రెండోది, మీథాక్సీలు 2, 6 స్థానాల్లో ఉండటం. అప్పుడు 3, 5 కవలలు, 4 ఒంటరి. రెండింటిలోనూ డబ్లెట్, ట్రిప్లెట్ వస్తాయి. రెండింటిలోనూ లెక్క 2కి 1. పీకుల ఆకారం, ఇంటిగ్రేషన్ (పీకుకి ఎన్ని హైడ్రోజన్లన్న లెక్క) చూసి ఆగిపోయినవాళ్ళు సగం సార్లు తప్పు అణువు గీస్తారు.

తేల్చేది గీతల మధ్య దూరం. రింగు మీద పక్కపక్కనే ఉన్న హైడ్రోజన్లు ఒకదాన్నొకటి 7 నుంచి 9 హెర్ట్జ్ చీల్చుకుంటాయి. మధ్యలో ఒక కార్బన్ వదిలి ఎడంగా ఉంటే 2, 3 హెర్ట్జ్ మాత్రమే. 2, 6 అమరికలో ఒంటరి హైడ్రోజన్ కవలలకి ఆనుకునే ఉంటుంది, కాబట్టి 8 హెర్ట్జ్ రావాలి. 3, 5 అమరికలో ఎడంగా ఉంటుంది, 2 రావాలి. ఇక్కడ కొలిస్తే 2.2. 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో 2.2 హెర్ట్జ్ అంటే 0.0055 పీపీఎం. ఏ4 కాగితం మీద మొత్తం స్పెక్ట్రం ప్రింటు తీస్తే ఆ మూడు గీతలూ అతుక్కుని లావుపాటి ఒక్క గీతలా కనబడతాయి. 6.3 నుంచి 7.5 దాకా మాత్రం సాగదీసి మళ్ళీ ప్రింటు తీస్తేనే ట్రిప్లెట్ బయటపడుతుంది. అణువు ముఖం తేల్చే సమాచారం ఒక వెంట్రుక వెడల్పులో దాక్కుని ఉంది.

ఈ ఒక్క కొలతతో ఇంకొందరు కూడా పోయారు. మీథాక్సీలు 3, 4 స్థానాల్లో ఉంటే ఆ రింగు మీద మూడు హైడ్రోజన్లూ మూడు రకాలు. ఒకటి 8 హెర్ట్జ్ డబ్లెట్, ఒకటి 2 హెర్ట్జ్ డబ్లెట్, ఇంకొకటి రెండూ కలిసినది, అన్నీ ఒక్కొక్క హైడ్రోజనే. అలాంటిదేమీ లేదు. ఒక మీథాక్సీ, ఒక ఓహెచ్ 3, 5లో ఉండి రెండో మీథాక్సీ అవతలి రింగు మీద ఉన్న అణువు కూడా పోయింది, ఎందుకంటే అప్పుడు 6.66 దగ్గర కవలలు ఉండవు, రెండు వేర్వేరు పీకులు రావాలి. ఇందాక అనుమానించిన 3.83 గీత ఇప్పుడు ఒప్పుకుంది: రెండు మీథాక్సీలూ నిజంగానే ఒకే రింగు మీద, సమానమైన చోట్ల ఉన్నాయి.

6.83, 7.40 జంట పెద్దగా కష్టపెట్టదు. చెరి రెండు హైడ్రోజన్లు, చీలిక 8.5 హెర్ట్జ్: ఎదురెదురు స్థానాల్లో తగులుకున్న రింగు. ఓహెచ్ మిగిలిన చోటు ఇదొక్కటే. ఓహెచ్‌కి పక్కనున్న హైడ్రోజన్ల దగ్గర ఎలక్ట్రాన్ సాంద్రత పెరిగి అవి 6.83కి జారాయి. అవతలి వైపువి 7.40 దగ్గర ఉండిపోయాయి.

ఇక 6.90, 7.02. ఒక్కొక్క హైడ్రోజన్, ఒక్కొక్క డబ్లెట్, రెండింటిలోనూ చీలిక 16.3 హెర్ట్జ్. ఒకే అంకె రెండు చోట్లా రావడం అవి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయనడానికి సాక్ష్యం. ఇంకో గుర్తు కంటితోనే పట్టుకోవచ్చు. రెండు పీకుల మధ్య దూరం 0.12 పీపీఎం, అంటే 48 హెర్ట్జ్. చీలిక 16. దూరం చీలికకి మూడు రెట్లే కాబట్టి ప్రతి డబ్లెట్‌లోనూ లోపలి గీత పొడుగ్గా, బయటి గీత పొట్టిగా ఉంటుంది. పూరింటి కప్పులా రెండూ ఒకదానివైపు ఒకటి ఎత్తుకుని ఉంటాయి. మధ్యలో పక్కింటి 6.83 వచ్చి కలిసినా, ఈ వాలు చూసి ఏ గీతకి ఏది జతో చెప్పొచ్చు.

16 హెర్ట్జ్ అంటే డబుల్ బాండుకి రెండు హైడ్రోజన్లూ చెరో వైపున ఉన్నాయి, అదే ట్రాన్స్. ఒకే వైపున ఉంటే 12 దగ్గర వచ్చేది. ఐఆర్‌లో పక్కన పెట్టిన 965 పీకు చెప్పేదీ ఇదే. ట్రాన్స్ డబుల్ బాండు మీది హైడ్రోజన్లు తలం బయటికి ఊగే చోటు అది. రెండు వేర్వేరు యంత్రాలు ఒకే మాట చెబితే ఆ మాటని నమ్మొచ్చు.

కార్బన్-13 స్పెక్ట్రాన్ని చాలామంది చివర్లో మొక్కుబడిగా చూస్తారు. ఇక్కడ దాని సాక్ష్యం గట్టిది. 16 కార్బన్లకి 11 గీతలే వస్తాయి. కవలలు ఐదు జతలున్నాయి కాబట్టి 16లో ఐదు తగ్గాయి. 55.4 దగ్గర మీథాక్సీలు. 161.0 దగ్గర మీథాక్సీ తగిలిన రెండు కార్బన్లు. మీథాక్సీలు పక్కపక్కన ఉంటే ఇవి 149 దగ్గరికి దిగిపోయేవి. ఓహెచ్ తగిలిన కార్బన్ 155.3 దగ్గర. వీటన్నిటికంటే ముచ్చటైనది 99.7. బెంజీన్ రింగులోని సి-హెచ్ సాధారణంగా 110 నుంచి 130 మధ్య తిరుగుతుంది, వంద కిందికి రావడం అరుదు. రెండు పక్కలా ఆక్సిజన్ తగిలిన కార్బన్లు ఉంటేనే అంత కిందికి వస్తుంది. 3, 5 మీథాక్సీల మధ్య ఇరుక్కున్న 4వ కార్బన్ అదే. 2, 6 అమరికలో రెండు ఆక్సిజన్ల మధ్య సి-హెచ్ ఉండదు, కాబట్టి ఈ గీత రావడానికి చోటే లేదు. 2.2 హెర్ట్జ్‌ని ఎవరైనా శంకిస్తే 99.7ని చూపించొచ్చు.

ఇలా తేలిన అణువు పేరు టెరోస్టిల్బీన్. ద్రాక్షతొక్కలోని రెస్వెరాట్రాల్‌కి రెండు ఓహెచ్‌ల బదులు రెండు మీథాక్సీలు తొడిగితే ఇదే అవుతుంది. పేరులో మొదటి సగం ఎర్రచందనం ప్రజాతి ప్టెరోకార్పస్ నుంచి వచ్చింది, రెక్కల కాయ అని అర్థం. శేషాచలంలో రాలిన కాయని చేతిలోకి తీసుకుంటే చుట్టూ పలచటి రెక్క కనబడుతుంది.

ఎన్‌ఎంఆర్ లేకపోతే ఇదంతా తేలేదా? తేలింది. ఎర్రచందనంలోని ఈ పదార్థం నిర్మాణాన్ని 1940లోనే ష్పేట్, ష్లేగర్ అనే రసాయనవేత్తలు ప్రకటించారు. బ్లాక్, పర్సెల్ అనే భౌతికశాస్త్రవేత్తల బృందాలు ఎన్‌ఎంఆర్ సంకేతాన్ని ప్రకటించింది 1946లో. అప్పటి పద్ధతి అణువుని తెంచి ముక్కల్ని గుర్తుపట్టడం. డబుల్ బాండుని ఆక్సీకరణతో విరగ్గొడితే రెండు ఆమ్లాలు వస్తాయి. విరగ్గొట్టే ముందు ఓహెచ్‌ని మూసెయ్యాలి, లేకపోతే ఆ రింగు కూడా నాశనమవుతుంది. మీథైల్‌తో మూస్తే ఒక చిక్కు ఉంది: ముందునుంచీ ఉన్న మీథాక్సీ ఏదో, ఇప్పుడు మనం పెట్టింది ఏదో తెలియదు. ఆ కాలంలో ఇలాంటి చోట వాడే ఎత్తు ఇథైల్‌తో మూయడం. అప్పుడు ఒక ముక్క 3,5-డైమీథాక్సీబెంజోయిక్ ఆమ్లంగా, ఇంకోటి 4-ఇథాక్సీబెంజోయిక్ ఆమ్లంగా బయటికొస్తాయి. ఇథైల్ ఎక్కడ కనబడితే ఓహెచ్ అక్కడ ఉన్నట్టు. ఇవాళ పది నిమిషాల్లో వచ్చే స్పెక్ట్రానికి అప్పట్లో గ్రాముల కొద్దీ పదార్థం, నెలల పని పట్టేది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ తర్వాత ఢిల్లీలోనూ పనిచేసిన రసాయనవేత్త టి.ఆర్. శేషాద్రి ఈ జాతి చెట్ల పాలీఫినాల్స్ మీద చేసిన కృషిలో చాలాభాగానికి మూలం ఆ తెంచి చూసే చదువే.

ఒక చిన్న ఇబ్బంది ఇంకా మిగిలింది. ఒక్కోసారి ఈ శాంపిల్ స్పెక్ట్రంలో ఆరున్నర దగ్గర చిన్న చిన్న డబ్లెట్లు తగులుతాయి, చీలిక 12 హెర్ట్జ్. శాంపిల్ శుభ్రంగా లేదని మళ్ళీ కాలమ్ వెయ్యడానికి కూర్చోనక్కర్లేదు. ఆ చీలికే కారణం చెబుతోంది: కొంత పదార్థం సిస్ (రెండు హైడ్రోజన్లూ ఒకే వైపున ఉండే) రూపంలోకి తిరిగింది. స్టిల్బీన్లకి, అంటే రెండు రింగుల్ని డబుల్ బాండు కలిపే ఇలాంటి అణువులకి, అతినీలలోహిత కాంతి తగిలితే డబుల్ బాండు తిరగబడుతుంది. మే నెల తిరుపతి ఎండలో కిటికీ పక్కన సీసా పెట్టి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళొస్తే అదే జరుగుతుంది. సీసాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంచితే ఆ పీకులు పెరగవు.

ఇంత చేసినా చెక్క ఎందుకు ఎర్రగా ఉందో ఈ అణువు చెప్పదు, ఎందుకంటే దీనికి రంగే లేదు. ఎరుపంతా కాలమ్ మొదట్లో సిలికాని అంటిపెట్టుకున్న పట్టీలో ఉంది. శాంటలిన్లు అనే ఆ రంగు పదార్థాల్లో ఒకటైన శాంటలిన్-ఎ ఫార్ములా సి33హెచ్26ఓ10. ఇందాకటి లెక్కే వేస్తే అక్కడ అసంతృప్తత 21 వస్తుంది.